పదిహేనేళ్ల గడువు

పొద్దున ఆరున్నర, ఏడు మధ్యలో రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద నిలబడి చూడండి. ముందుగా వచ్చేది హౌస్‌కీపింగ్ వాళ్లు. షేర్ ఆటోల్లోంచి గుంపులుగా దిగుతారు. మెడలో కాంట్రాక్టరు ఇచ్చిన గుర్తింపు కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా, చీర మీద యూనిఫాం చొక్కా. వీళ్లలో పాలమూరు వాళ్లున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లున్నారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లున్నారు. అద్దాలు తుడిచి, మరుగుదొడ్లు కడిగి, బల్లలు సర్దేసరికి తొమ్మిదవుతుంది. అప్పుడు వచ్చే ఐటీ ఉద్యోగుల జనం వేరు. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఈ చుట్టుపక్కలంతా బండరాళ్లూ పొదలే. ఇవాళ మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఈ రెండు జనాలూ ఒకే లిఫ్టుల్లో, వేర్వేరు వేళల్లో, పైకి వెళ్లి కిందికి వస్తుంటారు.

ఇద్దరి జీతంలో, చదువులో, తిండిలో ఎక్కడా పొంతన లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇద్దరూ తరచు ఒకేచోట ఆగిపోతారు. మొదటి ఆమెకు అలాంటి పరీక్ష ఒకటుందనే తెలియదు. రెండో ఆమె కంపెనీ ఇచ్చే హెల్త్ చెకప్ కాగితంలో దాని పేరు చూసింది. రక్తం ఇచ్చింది, ఈసీజీ తీయించుకుంది, ఆ ఒక్కటి మాత్రం తర్వాత చూద్దాంలే అనుకుని వచ్చేసింది.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలను ఒక ప్రశ్న అడిగింది: ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నారా? దేశం మొత్తం మీద అవునన్నవాళ్లు 1.9 శాతం. తెలంగాణలో 3.3 శాతం. అందరికన్నా ముందున్న తమిళనాడులో కూడా 9.8 శాతమే. ఇక రెండో లెక్క చూడండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడిన స్త్రీలు 1,27,526 మంది, చనిపోయినవాళ్లు 79,906 మంది. అంటే సుమారు ఆరున్నర నిమిషాలకు ఒకరు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఈ జబ్బు ఎలా పుడుతుందో కాస్త వివరంగా చెప్పాలి.

మన ఇళ్లలో దీన్ని గర్భసంచి క్యాన్సర్ అంటారు. నిజానికి ఇది సంచిలో పుట్టేది కాదు, సంచి మూతి దగ్గర పుట్టేది. గర్భాశయం కింది కొస యోనిలోకి తెరుచుకునే చోటే ముఖద్వారం. అక్కడ రెండు రకాల కణాల పొరలు కలుస్తాయి. యోని వైపు నుంచి వచ్చేది వరసలు వరసలుగా పేర్చినట్టుండే గట్టి పొర. లోపలి నుంచి వచ్చేది ఒకే వరసగా ఉండే మెత్తటి పొర. ఈ రెండూ కలిసే చోటు పొలాల మధ్య గట్టులాంటిది. కానీ ఆ గట్టు ఒకచోట నిలిచి ఉండదు. వయసుతో, కాన్పులతో కదులుతూ ఉంటుంది. మెత్తటి పొర మెల్లగా గట్టి పొరగా మారుతూ ఉంటుంది. అలా మారే దశలో ఉన్న కణాలు సులువుగా దారి తప్పగలవు. హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ, కాచుకుని ఉండేది సరిగ్గా అక్కడే.

ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. ఎక్కువ భాగం ఏ హానీ చేయవు, కొన్ని పులిపిర్లు తెచ్చి ఊరుకుంటాయి. క్యాన్సర్ దాకా తీసుకెళ్లేవి డజను పైచిలుకు. వాటిలోనూ 16, 18 అంకెలు తగిలించుకున్న రెండు రకాలే ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. ఈ సంగతి పట్టుకున్నది జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్. అంతకుముందు చాలామంది హెర్పిస్ వైరస్‌ను అనుమానించేవారు. ఆయన పట్టుబట్టి వెతికి 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని క్యాన్సర్ కణాల్లో చూపించాడు. 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. 1951లో అమెరికాలో ఇదే క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఉన్నది 18వ రకం. అడగకుండానే అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వైరస్ లైంగిక సంపర్కం వల్ల వస్తుంది, చర్మానికి చర్మం తగిలితే చాలు. దాంపత్య జీవితం గడిపే ఆడ, మగ అందరిలో నూటికి ఎనభై మందికైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకి ఉంటుంది. జీవితాంతం ఒక్క భర్తతోనే ఉన్న స్త్రీకీ వస్తుంది. మగవాడు తెలియకుండానే మోసుకొస్తాడు, అతనికి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. జలుబు వచ్చిందని ఎవరి శీలాన్నీ శంకించం. దీన్నీ అలాగే చూడాలి. పరీక్షకు రావడానికి భయపడే స్త్రీలలో చాలామందికి కాళ్లకు అడ్డం పడుతున్నది ఈ అపవాదు భయమే.

సోకినవాళ్లలో తొంభై శాతం మందికి రెండేళ్లలోపు ఒంట్లోని రోగనిరోధక శక్తే వైరస్‌ను తుడిచేస్తుంది. మిగిలినవాళ్లలో అది తిష్ట వేస్తుంది. కొన్నేళ్లకు దాని జన్యువు మన కణం జన్యువులో అతుక్కుపోతుంది. అప్పుడది రెండు ప్రొటీన్లను ఆపకుండా తయారు చేయిస్తుంది. వాటి పేర్లు ఈ6, ఈ7. కణం లెక్క తప్పి విభజన చెందకుండా కాపలా కాసే ప్రొటీన్లు మన కణాల్లో ఉంటాయి. ఈ6 వెళ్లి ఒక కాపలాదారుని, ఈ7 వెళ్లి ఇంకొకరిని పనికిరాకుండా చేస్తాయి. కాపలా పోయిన కణం పెరుగుతూ పోతుంది. అయినా వెంటనే క్యాన్సర్ కాదు. మొదట పైపొరలో కాస్త తేడా, తర్వాత ఇంకాస్త, చివరికి పొర అడుగు చీల్చుకుని లోపలికి దిగడం. ఈ మొత్తానికి సాధారణంగా పదేళ్ల నుంచి పదిహేనేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు పడుతుంది.

మనిషికి వచ్చే క్యాన్సర్లలో ఇంత గడువు ఇచ్చేవి తక్కువ. కాకపోతే ఆ గడువంతా చడీచప్పుడు లేకుండా గడిచిపోతుంది. నొప్పి ఉండదు. వాసనతో కూడిన తెల్లబట్ట, కలిసినప్పుడు రక్తం కనబడటం, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం, ఇవన్నీ గడువు అయిపోయాక కనిపించేవి. 1955 నుంచి రెడ్ హిల్స్‌లో నడుస్తున్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్లకు స్త్రీలు ఈ దశలో వస్తారు. అప్పుడు రేడియేషన్, మందులు, నెలల తరబడి తిరుగుళ్లు. గడువులోపు వచ్చి ఉంటే పని పది నిమిషాలది.

ఏమిటా పది నిమిషాల పని? ఎక్కువమంది విన్నది పాప్ స్మియర్. గ్రీసు నుంచి అమెరికా వెళ్లిన పాపనికొలావ్ అనే వైద్యుడి పేరు మీద వచ్చింది. ముఖద్వారం నుంచి కొన్ని కణాలు గీకి, గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో చూడటం. 1940ల నుంచి ఈ పరీక్ష పాశ్చాత్య దేశాల్లో వేలాది ప్రాణాలు కాపాడింది. దీనికి తర్ఫీదు పొందిన కన్ను కావాలి, ప్రయోగశాల కావాలి, ఫలితం వచ్చాక మనిషిని మళ్లీ వెతికి పట్టుకోవాలి. ప్రాజెక్టు ముగిస్తే మేడ్చల్ నుంచి మణికొండకు, అక్కడి నుంచి బెంగుళూరుకు మారిపోయే కుటుంబాన్ని మళ్లీ ఎక్కడ పట్టుకుంటారు?

అందుకే రెండో దారి వచ్చింది. వంటింటి వెనిగర్ లాంటిదే, 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగాలి. దారి తప్పిన కణాల్లో కేంద్రకం పెద్దది, ప్రొటీన్ ఎక్కువ. ఆమ్లం తగలగానే ఆ ప్రొటీన్ కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టి, అక్కడ తెల్లటి మచ్చ తేలుతుంది. దీపం, దూది, తర్ఫీదు పొందిన నర్సు ఉంటే చాలు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, ఈ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను 31 శాతం తగ్గించింది.

మూడోది నేరుగా వైరస్ జన్యువును వెతికే పరీక్ష. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది గ్రామీణ స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ముప్పై ఏళ్లు దాటాక ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. జీవితంలో ఒక్కసారి! ఈ అధ్యయనాన్ని నడిపించిన డాక్టర్ ఆర్. శంకరనారాయణన్ పేరు వైద్య విద్యార్థులకే కాదు, బడి పిల్లలకూ తెలియాలని నా కోరిక.

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. ఇక్కడే, మేడ్చల్ చుట్టుపక్కల పల్లెల్లో మెడిసిటీ వైద్య కళాశాల, షేర్ ఇండియా సంస్థ, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం కలిసి 2000ల మధ్యలో ఈ మూడు పరీక్షలనూ ఒకే స్త్రీల మీద పోల్చి చూశాయి. అందులో వెనుకబడింది వెనిగర్ పరీక్ష. చూసే కన్నును బట్టి ఫలితం మారిపోతోంది. హెచ్‌పీవీ పరీక్ష దానికన్నా మెరుగ్గా పట్టింది. అదే బృందం ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చూసింది. స్త్రీ తన నమూనాను తానే, గదిలో తలుపు వేసుకుని, చిన్న బ్రష్‌తో తీసుకుని ఇస్తే పనికొస్తుందా అని. పనికొస్తుంది. మగ డాక్టరు ఉంటాడేమో అనే బెరుకు లేదు, బల్ల మీద పడుకోవాల్సిన పని లేదు. ఆ పల్లెల్లో కొన్ని ఇప్పుడు పల్లెలే కావు, వెంచర్లయ్యాయి. అక్కడ పుట్టిన జ్ఞానం మాత్రం పక్కనున్న అద్దాల మేడల్లో పనిచేసే స్త్రీల దాకా ఇంకా నడిచి రాలేదు.

*

పరీక్ష లేదు కానీ భయం ఉంది. ఆ భయం ఇంకో దారి పట్టింది. నడుము నొప్పి, తెల్లబట్ట అని వెళ్లిన ముప్పై అయిదేళ్ల మనిషితో, పిల్లలున్నారు కదా, ఇంక ఆ సంచి ఎందుకు, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది అనేసే డాక్టర్ల సంగతి మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊరికీ తెలుసు. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతానికి పైనే. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అవసరంలేని ఈ ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పరీక్ష చేయించుకున్న స్త్రీల కంటే సంచి తీయించుకున్న స్త్రీలే ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనది. చేలో చీడ పట్టిందో లేదో చూడకుండా పైరంతా కోసేసినట్టే ఇది. చిన్న వయసులో ఆ ఆపరేషన్ అయిన స్త్రీకి ముట్లు ముందే ఆగిన కష్టాలు, ఎముకల బలహీనత, అప్పు, ఇవన్నీ మిగులుతాయి.

*

ఇప్పుడు టీకా. హెచ్‌పీవీ టీకాలో బతికున్న వైరస్ గానీ, చచ్చిన వైరస్ గానీ ఉండదు. వైరస్ పైతొడుగు ప్రొటీన్‌ను ఈస్ట్ లాంటి జీవుల చేత తయారు చేయిస్తే, ఆ ప్రొటీన్లు వాటంతటవే అతుక్కుని ఖాళీ బంతుల్లా మారతాయి. చూడటానికి వైరసే, లోపల జన్యువు లేదు. శరీరం దాన్ని చూసి ముందే ఆయుధాలు సిద్ధం చేసుకుంటుంది. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ ఇదే మేడ్చల్‌లో ఈస్ట్ చేత హెపటైటిస్-బీ ప్రొటీన్ చేయించి 1997లో టీకా తెచ్చింది. వందల రూపాయలుండే విదేశీ టీకా ముందు అది యాభై రూపాయలకు నిలబడింది. అదీ ఒక క్యాన్సర్‌ను, కాలేయ క్యాన్సర్‌ను, ఆపే టీకాయే.

హెచ్‌పీవీ టీకా కథ మాత్రం మన దగ్గర ఖమ్మంలో గాయపడింది. 2009 జూలైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో పది వేల మందికి. ఖమ్మం పిల్లల్లో ఎంతోమంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదివేవాళ్లు. తల్లిదండ్రులు అడవి పల్లెల్లో, పిల్లలు హాస్టళ్లలో. సంతకం ఎవరు పెట్టాలి? తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం లెక్క తీస్తే, 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు.

ఈలోపు ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఒకరు నీళ్లలో పడి, ఇంకొకరు పాముకాటుకు, కొందరు పురుగుమందు తాగి, కొందరు జ్వరాలతో. ఈ చావులకూ టీకాకూ సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది. కానీ అప్పటికే ఊళ్లలో నమ్మకం విరిగిపోయింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. టీకాలో విషం లేదు, కానీ తప్పు జరిగింది. తల్లిని అడగకుండా బిడ్డ చేతికి సూది గుచ్చడం తప్పే, ఆ సూదిలో అమృతం ఉన్నా సరే. హెన్రియెట్టా లాక్స్ దగ్గర జరిగిందే భద్రాచలంలోనూ జరిగింది. ఆ గాయం మీద ఎన్నేళ్లు పోయాయో లెక్కపెట్టండి. ఆ సంవత్సరాల్లో పదమూడేళ్లు నిండిన అమ్మాయిలెంతమందో, వాళ్లలో ఎందరి ఒంట్లో ఆ వైరస్ ఇప్పుడు తిష్ట వేసి ఉందో.

ఆ ఆపేయడంలోంచే ప్రపంచానికి ఒక సమాధానం దొరికింది. అదే సమయంలో దేశంలోని వేరే కేంద్రాల్లో శంకరనారాయణన్ బృందం, ఈ టీకా మూడు మోతాదులు వేయాలా, రెండు చాలా అని పెద్ద అధ్యయనం మొదలుపెట్టి ఉంది. 2010 ఆదేశంతో అదీ ఆగింది. దాంతో సుమారు అయిదు వేల మంది అమ్మాయిలు ఒక్క మోతాదు దగ్గరే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లను వదల్లేదు. ఏటేటా చూస్తూ వచ్చారు. పదేళ్ల తర్వాత, 2021లో ప్రచురించిన ఫలితం: 16, 18 రకాలు తిష్ట వేయకుండా ఒక్క మోతాదు ఇచ్చిన రక్షణ 95 శాతం. మూడు మోతాదులు ఇచ్చినదానికి ఏమీ తీసిపోలేదు. ఆఫ్రికాలో, కోస్టారికాలో వచ్చిన ఫలితాలు కూడా చూసుకుని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, చిన్న వయసు అమ్మాయిలకు ఒక్క మోతాదు వేసినా చాలునంది. దాంతో పేద దేశాలకు టీకా ఖర్చు బాగా తగ్గింది. ఆ అయిదు వేల మంది మన అమ్మాయిలకు ప్రపంచం రుణపడి ఉంది.

ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్ల వయసులో టీకా వేయించుకున్న తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. మన దేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది, 2023 జనవరిలో విడుదలైంది. దుకాణంలో మోతాదు రెండు వేల రూపాయలన్నారు. గచ్చిబౌలి అపార్టుమెంటులో ఉండే తల్లికి అది ఒక శనివారం సాయంత్రం బయట భోజనం ఖర్చు. ఆ అపార్టుమెంటులో అంట్లు తోమే తల్లికి అది ఒక ఇంటి నెల జీతంలో పెద్ద ముక్క. ఆమె కూతురికి ఈ టీకా సర్కారు ఉచితంగా, బడిలో, అమ్మ సంతకంతో, అమ్మ భాషలో చెప్పి వేయాల్సిందే. సిక్కిం 2018లోనే రాష్ట్రమంతా చేసి చూపించింది.

టీకా కూతురికి. తల్లికి పరీక్ష. టీకా వేసినా వేయకపోయినా ముప్పై దాటిన స్త్రీకి పరీక్ష తప్పదు. 2030 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యం కూడా అదే చెబుతోంది: నూటికి తొంభై మంది అమ్మాయిలకు పదిహేనేళ్లలోపు టీకా, డెబ్బై మంది స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి మంచి పరీక్ష, తేడా ఉన్నవాళ్లలో తొంభై మందికి వైద్యం. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పరీక్షలో మనం 3.3 శాతం దగ్గరున్నాం.

తెలంగాణలో దారి పూర్తిగా లేకపోలేదు. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద వంద ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారాలు స్త్రీలకే కేటాయించి, క్యాన్సర్ పరీక్షలూ అందులో చేర్చారు. 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. కొండాపూర్‌లో సర్కారు ఆసుపత్రి ఉంది. కానీ మంగళవారం పొద్దున పది గంటలకు హౌస్‌కీపింగ్ మనిషి ఎక్కడుంటుంది? పదో అంతస్తులో తుడుస్తూ ఉంటుంది. ఆ పూట రాకపోతే కాంట్రాక్టరు జీతం కోస్తాడు. ఆమె సిద్దిఖ్ నగర్‌లోని తన గదికి తిరిగొచ్చి తలుపు తీసేసరికి దవాఖానా మూసేస్తారు. పరీక్ష ఆమె దగ్గరికి రావాలి. ఆమె పనిచేసే భవనంలోనే, షిఫ్టు మధ్యలో, తనంతట తాను నమూనా తీసుకునే బ్రష్‌తో. ఒక టెక్ పార్కుకు ఇది పెద్ద ఖర్చు కాదు.

ఈ అధ్యాయం చదివిన మీకు ముప్పై దాటి ఉంటే, ఈ నెలలో ఒక పూట కేటాయించి పరీక్ష చేయించుకోండి. కంపెనీ చెకప్‌లో హెచ్‌పీవీ పరీక్ష లేకపోతే చేర్చమని హెచ్ఆర్‌ను అడగండి, అది మీ బల్ల తుడిచే ఆమెకూ వర్తించాలని అడగండి. మీ ఇంట్లో పనిచేసే అక్కకు విషయం చెప్పండి, ఆమెకు అర్థమయ్యేలా, ఆమె అడిగినవాటికి ఓపిగ్గా జవాబిస్తూ. ఒప్పుకుంటే ఒక మంగళవారం సెలవివ్వండి. ఆ రోజు జీతం కోయకండి.